కాగితం పట్టుకునే మనిషి

డ్రాయింగు గది,
మా కాలేజీ

వదినా,

బండి దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా క్లాసుకే వచ్చాను. పిల్లలందరూ వెళ్ళిపోయాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో మాట్లాడదామంటే అన్నయ్య పక్క గదిలోనే ఉంటాడు. మనిద్దరం తన గురించి గుసగుసలాడుతున్నామని తెలిస్తే మండిపడతాడు. ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. ఎలాగూ కాగితాలు అటూ ఇటూ పంపుకోవాలి.

నేనక్కడున్నన్ని రోజుల్లో అన్నయ్య నాతో మాట్లాడింది చాలా తక్కువ. పక్షవాతంతో పడిపోయిన మాట తిరిగొచ్చింది, కాస్త తడబడినా అర్థమవుతోంది. కాలు ఈడ్చుకుంటూనైనా నాలుగడుగులు వేస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం ఎవరిదో వస్తువు ఒళ్ళో పెట్టుకున్నట్టు ఉండిపోయింది. ఆ చేతిలో మళ్ళీ పెన్సిలు నిలవదని డాక్టరు దాచకుండా చెప్పేసింది, నువ్వూ విన్నావు. ఎడమ చేతికి నేర్పుకోవాలి, ఈ మొదటి నెలల్లోనే మొదలుపెట్టాలి, జాగు చేసిన కొద్దీ మనిషి మనసు విరిగిపోతుంది అంది. దారంతా నాకు ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. కెటిళ్ళూ, ఇస్త్రీ పెట్టెలూ, టేబుల్ ఫ్యాన్లూ ఫ్యాక్టరీలో తయారయ్యే ముందు అన్నయ్య కాగితం మీద తయారయ్యేవి. గీయని అన్నయ్య ఎలా ఉంటాడో నా ఊహకి కూడా అందడం లేదు.

అందుకని నాకు తోచిన పని ఒకటి చేస్తున్నాను. కొత్తగా డిజైన్ నేర్చుకునేవాళ్ళ కోసం వస్తువుల బొమ్మలు గీయడం మీద తను తయారుచేసిన పాఠాల కట్ట ఉంది కదా, మా క్లాసులో ఇప్పటికీ అదే చెబుతున్నాం. అందులోంచి ఒక్కో పాఠం తనకే పంపుతాను. మొదటి పేజీ నీకు గుర్తుందో లేదో. "కావలసినవి: తెల్ల కాగితాలు, ఒక పెన్సిలు, పలచటి ట్రేసింగ్ కాగితం. రబ్బరు వద్దు. ఇంకెవరూ అక్కర్లేదు, మీరొక్కరే చాలు." మొదటి పాఠం ఉత్త గీతలే. రెండు చుక్కలు పెట్టి కలపడం. ఎడమ చేత్తో ఒక కాగితం నింపించి నాకు పంపు.

దిద్దడం తన పద్ధతిలోనే దిద్దుతాను. శిష్యుల కాగితం మీద అన్నయ్య తన పెన్సిలు ఆనించడు. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఆ పై కాగితం మీద దిద్దుతాడు. తప్పు గీతైనా సరే గీసినవాడిదే, దాన్ని పాడుచేసే హక్కు మనకి లేదంటాడు.

ఒక్క మాట. కాగితం ఖాళీగా మాత్రం తిరిగి రానివ్వకు. ఖాళీ కాగితం చూస్తే నేను తట్టుకోలేను. ఉద్యోగానికి సెలవు పెట్టేసి వచ్చి మీ ఇంట్లో కూర్చుంటాను.

నీ మరదలు


వంటిల్లు

మరదలు పిల్లకి,

ఉత్తరం అందింది. వచ్చి కూర్చుంటానని బెదిరించావు చూడు, ఆ దెబ్బకి మీ అన్నయ్య గీయక తప్పలేదు. మొన్న అన్ని రోజులు నీ చేతి వంట తిన్నాం. మళ్ళీ అంత సాహసం ఈ ఇంట్లో ఎవరివల్లా కాదు.

గీతల కాగితం జత చేశాను. వంకరటింకరగా ఉన్నాయని నవ్వకు. కొన్ని అయితే ఒక చుక్క దగ్గర బయలుదేరి రెండో చుక్క ఎక్కడుందో మరిచిపోయినట్టున్నాయి. కొత్త చెయ్యి కదా, కుదురుకోవడానికి సమయం పడుతుంది.

ఇక్కడి సంగతులు పెద్దగా ఏమీ లేవు. కళ్ళజోళ్ళ షాపులో సగం పూటే పనిచేస్తానని అడిగాను, సరేనన్నారు. పొద్దున నేను షాపుకి వెళ్ళి జనాల ముక్కుల మీద అద్దాలు సర్దుతుంటే పక్కింటావిడ ఇక్కడ కూర్చుంటుంది. మీ అన్నయ్యని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి వెళితే నేను వచ్చేసరికీ అలాగే ఉంటారు. ముందు గదిలో బల్ల మీద, జబ్బు పడిన రోజు పొద్దున గీస్తున్న బొమ్మ ఇంకా అలాగే ఉంది. సగం గీసిన కెటిల్. దాన్ని తీయనివ్వరు, చూడరు. దుమ్ము పడుతుందని పైన గుడ్డ కప్పాను.

మీ అన్నయ్యకో సందేహం వచ్చింది. గీత గీసేటప్పుడు మణికట్టు తిప్పాలా, భుజం కదపాలా? తీరిక చూసుకుని రాయి.

మీ వదిన


డ్రాయింగు గది

వదినా,

కాగితం చూసి ఎగిరి గంతేశాను. నిజంగానే. పక్క గదిలోంచి మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఏమైందోనని తొంగిచూశారు. ఆయనకీ చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసి, మళ్ళీ మొదలుపెట్టాడన్నమాట, అని అదే మాట రెండుసార్లు అన్నారు. ఆయనా అన్నయ్యా ఒకప్పుడు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు, నీకు తెలుసుగా.

భుజం కదపాలి వదినా. మణికట్టు తిప్పితే గీత విల్లులా వంగిపోతుంది. కానీ ఆ ప్రశ్న చదివి నాకు భయమేసింది. భుజంతో గీయండి అని ప్రతి పేజీలోనూ రాసిన మనిషి ఆ సంగతే అడుగుతున్నాడంటే, జబ్బు చెయ్యితో ఆగకుండా జ్ఞాపకాన్ని కూడా తినేసిందా? డాక్టరుని ఒకసారి అడుగు. నేను భయపడుతున్నానని అన్నయ్యకి చెప్పకు.

రెండో పాఠం పంపుతున్నాను. గుండ్రటి మూతని పక్కనుంచి చూస్తే గుండ్రంగా కనిపించదు, సాగినట్టు కనిపిస్తుంది. మేము దాన్ని ఎలిప్స్ అంటాం. కప్పుకైనా, టార్చికైనా, కెటిల్‌కైనా ప్రాణం అందులోనే ఉంది. కొనలు మొనదేలకూడదు, ఎక్కడా కోణం రాకూడదు. కంటికి దూరంగా కిందికి పోయిన కొద్దీ వెడల్పు పెరగాలి. అంటే కప్పు నోటికంటే అడుగు ఎక్కువ గుండ్రంగా కనిపించాలి. ఒక కప్పు ఎదురుగా పెట్టుకుని గీయమను.

నీ మరదలు


వంటిల్లు

మరదలు పిల్లకి,

డాక్టరుని అడిగాను. జ్ఞాపకం నిక్షేపంలా ఉందట. ఆ ప్రశ్న ఏదో పరధ్యానంలో అడిగి ఉంటారు. లేనిపోనివి ఊహించుకుని బుర్ర పాడుచేసుకోకు.

కప్పులు పంపుతున్నాను, టార్చి కూడా ఉంది. ఈ ఎలిప్సులతో తల ప్రాణం తోకకొచ్చింది. ఎంత జాగ్రత్తగా తిప్పినా కొనలు బాదం గింజల్లా తేలుతున్నాయి. కప్పు పైభాగం బాగానే వస్తుంది, అడుగుకి వచ్చేసరికి బల్ల చదునుగా ఉంది కదా అని చెయ్యి తిన్నగా పోతుంది. చదునైన బల్ల మీద కూర్చున్న వస్తువుకి అడుగు వంపుగా గీయమంటే మనసొప్పుతుందా చెప్పు. మీ అన్నయ్య బాధ నీకు చెబుతున్నాను.

నిన్న షాపులో ఒక వింత జరిగింది. ఒకాయన గుండ్రటి ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ తల మెల్లగా పక్కకి తిప్పాడు. కళ్ళజోడులో గుండ్రటి అద్దం కాస్తా నా కళ్ళముందే సాగి, సన్నబడి, చివరికి ఒక గీతలా అయిపోయింది. ఇన్నేళ్ళుగా వేల మంది తలలు తిప్పడం చూశాను. ఇది మాత్రం నిన్ననే చూశాను. మళ్ళీ ఒకసారి తిప్పండి అన్నాను. ఎందుకన్నాడు. సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి అని తప్పించుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక కూడా చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

మీ వదిన


డ్రాయింగు గది

వదినా,

శుభవార్త. కూర్చుని చదువు.

నువ్వు పంపిన కాగితాలన్నీ వరసగా గోడకి అంటించాను. మా పెద్దాయన రోజూ వచ్చి చూసిపోతున్నారు. నిన్న నన్ను పిలిచి, వచ్చే టర్ము నుంచి మీ అన్నయ్య మా దగ్గరే కూర్చుని మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పాలి అన్నారు. చెయ్యి కొత్తగా నేర్చుకుంటున్న మనిషి దగ్గర నేర్చుకుంటే పిల్లలకి సిగ్గూ భయం పోతాయట. మెట్లెక్కలేడని కింది అంతస్తులో గది ఖాళీ చేయిస్తున్నారు. కాలేజీ వెనకే ఇల్లు కూడా ఇస్తారు.  బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని ఏడ్చాను.

అన్నయ్యకి ఎప్పుడు, ఎలా చెప్పాలో నీకే వదిలేస్తున్నాను.

మూడో పాఠం షేడింగ్. దానితోనే రెండరింగ్ మొదలవుతుంది, గీతల బొమ్మ అక్కడినుంచే చేత్తో పట్టుకోవచ్చనిపించే వస్తువవుతుంది. "వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోందనుకోండి" అని తను రాసిన పేజీ జత చేశాను. వెలుగుకి ఎదురుగా ఉన్న భాగం వదిలెయ్యాలి, తిరిగిపోతున్న భాగం మీద దగ్గరదగ్గరగా వాలు గీతలు వేయాలి. ఈసారి కెటిల్ గీయమను. ఆ బల్ల మీద ఉన్నది ఏ కెటిలో తనకి తెలుసు. నేను చెప్పానని చెప్పు.

నీ మరదలు


వంటిల్లు

మరదలు పిల్లకి,

తొందరపడకు. గదులూ ఇళ్ళూ అప్పుడే ఖాళీ చేయించవద్దని మీ పెద్దాయనకి చెప్పు. మీ అన్నయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇంకాస్త సమయం కావాలి.

కెటిల్ పంపుతున్నాను.

వదిన


డ్రాయింగు గది

వదినకి,

కెటిల్ చూశాను.

ముందు షేడింగ్ చూశాను. కుడిచేత్తో వాలు గీతలు వేసేవాళ్ళకి చెయ్యి ఎటు ఊగుతుందో గీత అటే వాలుతుంది, కింద ఎడమ నుంచి పైకి కుడివైపుకి. ఎడమచేతి వాళ్ళకి సరిగ్గా తిరగబడుతుంది. మా క్లాసులో ఎడమచేతి వాటం పిల్ల ఒకతె ఉంది. ఆమె కాగితం తెచ్చి పక్కన పెట్టి చూశాను. నువ్వు పంపింది ఎడమ చేత్తో వేసిన షేడింగ్ కాదు.

అన్నయ్య కుడి చెయ్యి లేచిందనుకున్నాను వదినా. ఒక్క క్షణం అలా అనుకున్నాను. ఆ క్షణంలో నాకెంత సంతోషం కలిగిందో చెబితే నీకు నా మీద జాలేస్తుంది. తర్వాత కెటిల్ అడుగు చూశాను, తిన్నగా ఉంది. మూత బాదం గింజలా ఉంది. జబ్బు చేసిన చేత్తో అన్నయ్య గీస్తే గీత వణకొచ్చు, దారి తప్పొచ్చు. కెటిల్ అడుగు ఎలా ఉంటుందో తనకి తెలియకపోవడం ఉండదు. అప్పుడు మణికట్టు ప్రశ్న గుర్తొచ్చింది. కళ్ళజోడు గురించి నువ్వు రాసింది తీసి మళ్ళీ చదివాను.

ఇవన్నీ నీ గీతలు.

ఊరంతా చూపించుకున్నాను. గోడకి అంటించాను. పెద్దాయన గది ఖాళీ చేయించారు, అందులో పాత మోడళ్ళన్నీ మరో చోటికి మోయించారు. ఇప్పుడు ఆయన మొహం ఎలా చూడను? ఏమని చెప్పను?

అన్నయ్య ఒక్క గీతైనా గీశాడా? అది ఒక్కటే చెప్పు.

మరదలు


వంటిల్లు

ఆడపడుచుగారికి,

గీయలేదు. ఒక్కటీ గీయలేదు.

నువ్వు పంపిన మొదటి కాగితం ఆయన ఒళ్ళో పెట్టాను, పెన్సిలు ఎడమ చేతికి అందించాను. తీసుకోలేదు. మళ్ళీ పెడితే కాగితాన్ని మోచేత్తో నెట్టేశారు. నేలమీద పడింది. వంగి తీసి, మీ చెల్లెలు పంపింది, ఆమె కోసమైనా రెండు గీతలు గీయండి అని బతిమాలాను. మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. నువ్వేమో ఖాళీ కాగితం పంపొద్దన్నావు. ఖాళీ కాగితం చూస్తే తట్టుకోలేనన్నావు. నేను రోజూ చూస్తున్నది ఆ ఖాళీ కాగితాన్నే. నువ్వు తట్టుకోగలవా అని నన్ను ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు.

ఆరోజు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆ గీతలు నేనే గీశాను. నా కుడి చెయ్యి నీ శిష్యుల ఎడమ చేతికంటే అధ్వాన్నం కాబట్టి సరిపోతుందిలే అనుకున్నాను. గీత వాలు చూసి చెయ్యి పట్టేస్తారని నాకేం తెలుసు? మోసమే చేశాను. కాదనను. జ్ఞాపకం పోయిందని నువ్వు భయపడినప్పుడే చెప్పేయాల్సింది. అప్పటికి నాకు ఇంకో ఆశ పుట్టింది.

మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు. తప్పు బొమ్మ కంటపడితే ఊరుకునే మనిషి కాదు. హోటల్లో మెనూ కార్డు మీద కప్పు బొమ్మ చూసి జేబులోంచి పెన్ను తీసిన మనిషి. పెళ్ళైన కొత్తలో నేను నలుగురి ముందు సిగ్గుతో చచ్చిపోయాను. అందుకని వంటింటి బల్లని ఆయన కుర్చీకి ఎదురుగా జరిపాను. తలుపు తీసిపెట్టి, ఆయనకి కనిపించేలా కూర్చుని గీయడం మొదలుపెట్టాను. ఒక్కసారి విసుక్కుంటే చాలు, అలా కాదు అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అనుకున్నాను. అనలేదు. చూస్తున్నారని నాకు తెలుస్తుంది. నేను తలెత్తేసరికి కిటికీలోకి చూస్తుంటారు. నా బాదం గింజలు చూసి కూడా నోరు మెదపలేదంటే ఆ మనిషి ఎంత దూరం వెళ్ళిపోయాడో ఆలోచించు.

ఇంకొక మాట కూడా చెప్పేస్తాను, మనసులో పెట్టుకోవడం ఎందుకు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గీతల బల్ల దగ్గరికి ఆయన నన్ను రానివ్వలేదు. కాగితాలు కదులుతాయి అనేవారు. టీ తెస్తే గుమ్మం దగ్గరే అందుకునేవారు. నేనూ ఆ బొమ్మల గొడవ నాకెందుకు అనుకున్నాను. ఇప్పుడు గీస్తుంటే ఆయన పొద్దంతా ఏం చూసేవారో నాకు కొంచెం కొంచెం తెలుస్తోంది. తెలిసిన కొద్దీ ఏడుపొస్తోంది. ఇంత మంచి పని పోగొట్టుకున్న మనిషిని, లేచి నడవండి, నాలుగు ముద్దలు తినండి అంటూ నేను రోజూ సతాయిస్తున్నాను.

పెద్దాయనకి నిజం చెప్పెయ్యి. నా పేరు పెట్టే చెప్పు, నాకేం నామోషీ లేదు. ఇక కాగితాలు పంపకు.

మీ వదిన


డ్రాయింగు గది

వదినా,

పెద్దాయనకి చెప్పాను. కోప్పడతారనుకున్నాను.  అన్నయ్య కోసం ఖాళీ చేయించిన గది తలుపు తనే వెళ్ళి వేసి వచ్చారు. తర్వాత గోడ మీద నీ కాగితాల ముందు నిలబడి, ఇవి తీయకు, అన్నారు.

నిన్ను అడగనందుకు నా మీద నాకే కోపంగా ఉంది. వారం రోజులు ఉండి, అన్నయ్య చెయ్యి చూశాను, కాలు చూశాను, నీ మొహం చూడలేదు. మరదలినని ముద్దుచేస్తావు కాబట్టి నీకేమీ కాదనుకున్నాను. ఇంక ఆడపడుచుగారూ అని మాత్రం రాయకు వదినా. తిట్టాలనుకుంటే పేరు పెట్టి తిట్టు.

నీ కెటిల్ తిరిగి పంపుతున్నాను. దిద్దలేదు. తప్పులు ఏమిటో కూడా చెప్పను. దాని మీద పెట్టడానికి ఒక ట్రేసింగ్ కాగితం పంపుతున్నాను, ఖాళీగా. ఖాళీ కాగితం వద్దని గోల చేసిన నేనే పంపుతున్నాను. అన్నయ్య పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసు. ట్రేసింగ్ కాగితం వేసి ఉందంటే ఎవరో ఒకరు దిద్దాలని అర్థం. దిద్దాల్సింది నేను కాదు.

రెండూ మీ వంటింటి బల్ల మీద పెట్టి నీ పని నువ్వు చూసుకో. బతిమాలకు. తను దిద్దినా దిద్దకపోయినా నువ్వు గీయడం ఆపకు.

నీ మరదలు


వంటిల్లు

పిల్లా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు చెప్పినట్టే కెటిల్ బొమ్మ వంటింటి బల్ల మీద పెట్టి, పైన ట్రేసింగ్ కాగితం వేసి, నేను గిన్నెలు తోముకుంటూ ఉన్నాను. ఒకరోజు ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. కాలు ఈడుస్తున్న చప్పుడైంది. తిరిగి చూడలేదు. కుళాయి కూడా కట్టలేదు, కడితే విన్నానని తెలిసిపోతుందని. బల్ల దగ్గర కూలబడ్డట్టు కూర్చున్నారు. ఎంతసేపు చూశారో. చివరికి నోరు విప్పారు.

"ఈ కెటిల్ నిలబడదు. ఒరుగుతుంది."

 నా నోరు ఊరుకుంటుందా. ఒరిగితే ఒరగనివ్వండి, నా కెటిల్ నా ఇష్టం అన్నాను.

"నీళ్ళు ఒలికిపోతాయి."

ఒలికితే తుడుచుకునేది కూడా నేనేగా అన్నాను. అప్పుడు పెన్సిలు తీసుకున్నారు. ఎడమ చేత్తో. చంటివాడు చెంచా పట్టినట్టు పిడికిలితో పట్టుకుని, మళ్ళీ వేళ్ళలోకి మార్చుకుని, ట్రేసింగ్ కాగితం మీద ఆనించారు. కాగితం జారిపోయింది. సర్ది మళ్ళీ ఆనించారు. మళ్ళీ జారింది. ఇన్నేళ్ళూ ఒక చెయ్యి గీస్తుంటే రెండో చెయ్యి కాగితం పట్టుకునేది కదా, ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో పడి ఉంది. దాని వైపు ఒకసారి చూసుకున్నారు. పెన్సిలు విసిరికొట్టారు.

పొయ్యి కింద పడిన పెన్సిలు తీసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, బల్ల మీద పెట్టాను.   గిన్నెల దగ్గరికి తిరిగి వెళ్ళబోతుంటే వెనకనుంచి పిలిచారు.

"కాగితం పట్టుకో."

రెండు అరచేతులూ పరిచి పట్టుకున్నాను. ఆ చేతుల మధ్య ఆయన ఎలిప్స్ గీయడం మొదలుపెట్టారు. నిజం చెబుతున్నాను, నా బాదం గింజలే నయం. గీత వణికింది, ఎటో వెళ్ళింది, నా బొటనవేలు మీదికి కూడా ఎక్కింది. మళ్ళీ గీశారు. దాని మీదే మళ్ళీ. చాలా గీతలయ్యాక వాటన్నిటి మధ్యా కెటిల్ అడుగు ఎలా ఉండాలో నాకు కనిపించింది. చదునైన బల్ల మీద వంపుగా, బరువుగా, కదలకుండా కూర్చుంది.

ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు. కాగితం కదులుతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆ ట్రేసింగ్ కాగితం జత చేస్తున్నాను. షేడింగ్ కూడా వేశారు. గీతల వాలు ఎటుందో నువ్వే చూసుకో, నా మాట నువ్వెలాగూ నమ్మవు.

మీ వదిన


డ్రాయింగు గది

వదినా,

కవరులోంచి కాగితం సగం బయటికి రాగానే వాలు కనిపించింది. మిగతా సగం తీయడానికి చాలాసేపు పట్టింది.

గోడ మీద నీ కెటిల్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నీ బొమ్మ వెనక్కి పంపు. దాని మీద ఈ ట్రేసింగ్ కాగితం వేసి, రెండూ కలిపి పెడతాను. పెద్దాయన అడిగినా ఇవ్వను.

ఆ గదిలో ఇంకా ఎవరినీ పెట్టలేదట. ఊరికే చెబుతున్నాను. తొందరేమీ లేదు.

నీ మరదలు


ముందు గది, గీతల బల్ల

పిచ్చుకా,

ఈ అక్షరాలు చదవడానికి తంటాలు పడతావు. పడు. నీ చిన్నప్పటి అక్షరాలతో నేనూ పడ్డాను.

మీ వదిన నిన్ను మోసం చేసింది. నేను మీ ఇద్దరినీ మోసం చేశాను. ఆమె గీసినంతసేపూ చూస్తూనే ఉన్నాను, చూడనట్టు. గీత వంకరగా వస్తుందని కాదు నా భయం. అది వంకరని నాకు తెలుస్తుందని. ఆమె అంత వంకరగా నా కళ్ళెదుటే, నా కోసం గీసింది. అలా గీయడం ఇన్నాళ్ళూ నావల్ల కాలేదు.

బల్ల మీద పాత కెటిల్ తీసేశాం. గుడ్డ ఉతికింది.

గది సంగతి మీ పెద్దాయనకి చెప్పు. ఇప్పుడే రాను. రానని కాదు.

పాఠాల్లో రెండు తప్పులున్నాయి. పిల్లలకి ఇచ్చేముందు దిద్దు. వెలుగు ఎడమవైపు నుంచి అని రాశాను. అది కుడిచేతి వాళ్ళ మాట. ఇప్పుడు అలా కూర్చుంటే నా చేతి నీడే నా కాగితం మీద పడుతోంది. వెలుగు ఎటునుంచి కావాలో ఎవరికి వాళ్ళు చూసుకోమను.

రెండోది మొదటి పేజీలో, కావలసినవి దగ్గర. ఇంకెవరూ అక్కర్లేదు అని రాశాను. అది కొట్టెయ్యి. కాగితం పట్టుకునే మనిషి ఒకరు, అని రాయి.

ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమే పట్టుకుంది.

అన్నయ్య